ఎడమనుంచి వచ్చిన బాణం

మా కుమాసి ఊళ్ళో ఎవరినైనా ఏం పని చేస్తావని అడిగితే ఒక్క ముక్కలో చెప్పేస్తారు. దర్జీ, డ్రైవరు, కోకో గింజలు కొనే గుమస్తా, పాస్టరు. బిరాగో మాత్రం "బాణాలు తిన్నగా చేస్తాను" అనేది. విన్నవాళ్ళు ఎగాదిగా చూసి, వేటగాళ్ళ వంశం కాబోలు అనుకుని తమ దారిన పోయేవాళ్ళు. ఆమె విప్పి చెప్పేది కాదు. వినేవాడికి లేని ఓపిక చెప్పేవాడికెందుకు అనేది.

అసలు సంగతి ఇది. బాంతామా పేటలో ఒక మేడమీద ట్వుమాసి అనే ఆయన కంప్యూటరు పాఠాలు తయారుచేయించి అమ్ముతాడు. పాఠం చెప్పేవాడు తెరమీద పని చేస్తూ మాట్లాడతాడు, తెర మొత్తం రికార్డవుతుంది. మనిషి కనిపించడు, చెయ్యి కనిపించదు. కనిపించేదల్లా మౌసుతోపాటు కదిలే చిన్న తెల్లబాణం ఒక్కటే. గురువుగారి వేలు అదే. కానీ ఆ వేళ్ళ సంబడం చెప్పాలంటే ఒక పూట చాలదు! ఒకాయన చెప్పేది ఒకచోట, బాణం తిరిగేది ఇంకోచోట. ఒకావిడ నొక్కాల్సిన బొత్తాం చుట్టూ ప్రదక్షిణాలు చేస్తుందిగానీ నొక్కదు. ట్వుమాసి అయితే మాట తట్టనప్పుడల్లా మౌసుని గిలక్కాయలా ఆడిస్తాడు. చూసేవాళ్ళు కళ్ళు తిరిగి, పాఠం సగంలో వదిలేస్తారు.

ఆ రికార్డులన్నీ బిరాగో బల్లమీదికి వచ్చేవి. బాణం నడిచిన దారంతా ఆమె తెరమీద గీతలా పరుచుకుని చూసేది. అక్కర్లేని తిరుగుళ్ళు కోసేసేది. వణుకులు సాపు చేసేది. నొక్కే ముందు బాణం ఒక్క ఊపిరిసేపు ఆగేలా చేసేది, చూసేవాడి కన్ను అక్కడికి చేరాలి కదా. చిన్న ఫోన్లలో చూసేవాళ్ళకోసం బాణాన్ని కాస్త పెద్దది చేసేది. ఆమె చేతిలోంచి బయటికొచ్చాక ఎంతటి తడబాటు మనిషైనా పుట్టుకతోనే పండితుడిలా కనిపించేవాడు. ఆ పొగడ్తలు ఎవరికి పోయేవో నేను చెప్పక్కర్లేదు.

బిరాగోది పుర్రచేతి వాటం. మా దగ్గర అది చిన్న విషయం కాదు. ఎడమచేత్తో ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు, తినకూడదు, ఎవరికీ దారి చూపకూడదు. తప్పనిసరై ఎడమచెయ్యి చాపాల్సి వస్తే ముందుగా "సెబె" అనాలి. చేయరాని పని చేస్తున్నాను, మన్నించండి అని దానికి అర్థం. కుడిచేతిలో నీళ్ళ బిందె ఉన్నా, పసిబిడ్డ ఉన్నా, సెబె అనాల్సిందే. పుర్రచేతి పిల్లలకి అమ్మా అన్న మాట తర్వాత వచ్చే మాట అదే.

బిరాగోకి అది నోట పలకలేదు. బళ్ళో బెత్తం విరిగింది. ఇంట్లో తల్లి అరచేతికి పచ్చిమిరపకాయ రాసింది. బిరాగో ఏడ్చి, కుడిచేత్తో తినడం నేర్చుకుంది, కుడిచేత్తో చెయ్యి కలపడం నేర్చుకుంది, ఆఖరికి కుడిచేత్తో పేరు రాయడం కూడా కొక్కిరిబిక్కిరిగా నేర్చుకుంది. ఊరికోసం ఎంత చేయాలో అంతా చేసింది. సెబె మాత్రం అనలేదు. "నా చెయ్యి ఏ పాపం చేసిందని? దొంగతనం చేసిందా, ఎవరినైనా కొట్టిందా?" అని అడిగేది. పెద్దలు నెత్తిమీద ఒక్కటి వేసి ఊరుకునేవాళ్ళు.

మౌసు ఎడమచేతి కిందికి వచ్చాక మామూలు బాణం ఆమెకి ఎదురుతిరిగినట్టుండేది. అందరి బాణాలూ కుడివైపునుంచి వచ్చి ఎడమకి మొన చూపిస్తాయి, కుడిచేతి చూపుడువేలులాగా. దాన్ని అద్దంలో చూసినట్టు తిప్పుకునే వీలు కంప్యూటర్లో ఉంది. తిప్పుకుంది. అప్పట్నుంచి బిరాగో బాణం ఎడమనుంచి వచ్చి కుడికి మొన చూపిస్తుంది. ఏళ్ళతరబడి తప్పుపట్టేవాళ్ళ కంట పడలేదు. ఇంత పెద్ద ఊళ్ళో ఆమె ఎడమచెయ్యి నదురూ బెదురూ లేకుండా తిరిగే చోటు ఆ తెర ఒక్కటే. అక్కడ దాన్ని నిలబెట్టి అడిగేవాడు లేడు.

ఇతరుల పాఠాలు దిద్దీ దిద్దీ, చివరికి తనే పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది, అదీ మా ట్వీ భాషలో, చావు పోస్టర్ల మీద. మా ఊళ్ళో మనిషి బతికినన్నాళ్ళూ ఎలా ఉన్నా, పోయాక గోడమీద రాజాలా ఉండాలి. నిండు వయసులో పోతే పైన "పరలోక పిలుపు" అని వేస్తారు, పడుచువయసులో పోతే "ఎంత ఘోరం" అని. కుటుంబాలు తెచ్చే ఫొటోలు మాత్రం చూస్తే ఏడుపొస్తుంది. మడతలు పడ్డవి, చెమ్మ పట్టినవి, పెళ్ళి గుంపులోంచి కత్తిరించినవి, భుజంమీద ఇంకెవరి చెయ్యో ఉన్నవి. వాటిని ఎలా బాగుచేయాలో బిరాగో చెప్పేది. అసాఫో పేటలో ప్రింటింగు షాపుల కుర్రాళ్ళంతా ఆ పాఠాలే చూసేవాళ్ళు. ఆమె బాణం ఎక్కడ ఆగితే అక్కడ ఆగేవాళ్ళు, ఎక్కడ నొక్కితే అక్కడ నొక్కేవాళ్ళు. "బిరాగో టీచరు" అనేవాళ్ళు. ఆ పిలుపు వినబడ్డప్పుడు ఆమె విననట్టు నటించి, ఇంకోసారి పిలిపించుకునేది.

అలాంటి రోజుల్లో అబ్రెఫా పెద్దాయన పోయాడు. కోకో తోటలున్న కుటుంబానికి పెద్ద. అసాఫోలో సగం షాపులకి స్థలం వాళ్ళదే. పోస్టరుకోసం తెచ్చిన ఫొటోమీద కనుబొమనుంచి దవడదాకా మడత చీలిక. బిరాగో దాన్ని బాగుచేసి, పెద్దాయన తమ్ముడు అవూవా అనుమతి తీసుకుని, బాగుచేసిన పద్ధతంతా ఒక పాఠంగా రికార్డు చేసింది. "మా అన్న ముఖం చూసి పిల్లలు పని నేర్చుకుంటారా? సంతోషం" అన్నాడు అవూవా. ఆ సంతోషం నాలుగు రోజులైనా నిలవలేదు. పోయినవాడికి వారం తిరిగినరోజున చుట్టాలంతా ఎర్రబట్టలు, నల్లబట్టలు కట్టుకుని షామియానా కింద కూర్చున్నప్పుడు, ఫోన్లు అమ్మే మేనల్లుడొకడు ఆ పాఠం అందరికీ చూపించాడు. చూపిస్తూ చూపిస్తూ ఆగాడు.

"ఇదేమిటి? ఈ బాణం ఇటునుంచి వస్తోందేం? ఎడమచేత్తో చూపిస్తున్నట్టు లేదూ?"

అంతే. బిరాగోది పుర్రచెయ్యి అని తెలిసినవాళ్ళు ఆ గుంపులో ఇద్దరు ముగ్గురైనా ఉండకపోరు. పోయిన పెద్దాయన నుదుటిమీద, చెంపలమీద, ముక్కుమీద ఎడమచేత్తో చూపిస్తూ ఊరంతటి ఫోన్లలో తిప్పుతోందట! గుప్పున అంటుకుంది.

మర్నాడు ట్వుమాసి ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"బిరాగో, నీ బాణం ఎందుకలా ఉంది?"

"ఎలా ఉంది?"

"ఎడమచేత్తో చూపిస్తున్నట్టుంది."

"ఎడమచేత్తోనే చూపించాను మరి. మీ ఎదురుగానే కదా పదేళ్ళనుంచి పని చేస్తున్నాను, మాస్టా? ఇప్పుడు కళ్ళు వచ్చాయా?"

ట్వుమాసి కుర్చీలో కూలబడ్డాడు. చెడ్డవాడేం కాదు, పిరికివాడు. ఆ రెండింటికీ తేడా ఏమిటో అప్పుడప్పుడు తెలియదు, అది వేరే సంగతి. అవూవా కబురు ఆయన చెప్పాడు. బిరాగో పాఠాలన్నిటిలో బాణం అందరిలా కుడినుంచి వచ్చేలా తిప్పాలి. ప్రతి పాఠం మొదట్లో సెబె అని వేయాలి. శనివారం ఆమె, తప్పు ఒప్పుకునేవాళ్ళు తెచ్చే స్నాప్స్ సారా సీసా పట్టుకుని వాళ్ళింటికి వచ్చి, చుట్టాలందరి ముందూ మన్నింపు కోరాలి. లేదా, అసాఫోలో ఒక్క షాపు కూడా ఆ పాఠాలు ముట్టదు.

"ముట్టకపోతే నీ పాఠాలు తీసేయాలి. పాఠాలు తీసేస్తే నీ కుర్చీ ఎలా ఉంచను చెప్పు?" అన్నాడు ట్వుమాసి, ఆమె ముఖంవైపు చూడకుండా.

"మరి ఇన్నాళ్ళూ ఈ చేత్తోనే కదా మీ పాఠాలు దిద్దాను? వాటికి కూడా సెబె పెడతారా?"

ట్వుమాసి ఉపాయాలు వెతికాడు. మొదట బాణాన్నే కనబడకుండా మాయం చేసి చూశాడు. అలా చేసిన పాఠాన్ని కింది షాపు కుర్రాడికి చూపిస్తే, వాడు తల గోక్కుని, "మాస్టా, ఎక్కడ నొక్కారో దయ్యాలకే తెలియాలి" అన్నాడు. తర్వాత బాణం బొమ్మని కుడినుంచి వచ్చేలా తిప్పాడు. బొమ్మ తిరిగింది కానీ మొన పక్కకి పోయింది. మొన జరిగిన మేర బాణం దారంతా జరపాలని ఆయనకి తెలియదు. బిరాగో చెప్పలేదు. అడిగితే చెప్పేదేమో. అడగలేదు.

ఇంటికెళితే అక్కడ ఇంకో భాగవతం. తల్లి ఫుఫు ముద్దకోసం ఉడికిన దుంపలు దంచుతూ, రోకలి పోటుకి ఒక మాట చొప్పున అంటించింది.

"ఒక్క మాట. ఒక్క సెబె. నోట్లోంచి ముత్యాలేమైనా రాలతాయా? నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. అంటే పోయేదేముంది?"

"చెయ్యి పోతుంది."

"చెయ్యెక్కడికి పోతుందే! ఉన్నచోటే ఉంటుంది."

"ఉంటుంది, అమ్మా. తప్పుచేసిన చెయ్యిలా ఉంటుంది. బాణం తిప్పమన్నారు, అది బొమ్మ, పోనీ అనుకున్నా. ప్రతి పాఠం మొదట్లో సెబె వేయాలట! అంటే ప్రతి కుర్రాడూ నా దగ్గర పని నేర్చుకునే ముందు, ఈ చెయ్యి పాపిష్టిదని నేర్చుకోవాలి. వాళ్ళలో ఎంతమందిది పుర్రచెయ్యో నీకు తెలుసా? నాకు తెలుసు. రహస్యంగా ఫోను చేసి అడుగుతారు, టీచర్, మీరు బాణం ఎలా తిప్పారు అని."

తల్లి రోకలి ఆపింది. మళ్ళీ దంచింది. శనివారం పొద్దున్నే సీసా కొనుక్కొచ్చి బల్లమీద పెట్టింది.

"నేనూ వస్తాను. నువ్వు ఒక్కదానివే వెళితే ఆ ఇంట్లోంచి కేసు పట్టుకొస్తావు."

"వస్తే రా. సెబె మాత్రం నా నోట రాదు, ముందే చెబుతున్నా."

అవూవా ఇంటి హాల్లో ఇసకేస్తే రాలనంతమంది. బిరాగో గడప దగ్గర చెప్పులు విడిచి, కుడివైపునుంచి మొదలుపెట్టి, వరసగా అందరికీ కుడిచెయ్యి కలుపుకుంటూ వెళ్ళింది. తప్పు పట్టడానికి ఎవరికీ సందు దొరకలేదు. నడుమ కుర్చీలో అవూవా. పక్కనే ఆయన అక్క, ఆ ఇంటి ఆడపెద్ద నానా డుఫీ. పెద్దల్ని మేం నానా అంటాం, ఆడైనా మగైనా. ఆవిడ తలకి ఎర్రగుడ్డ చుట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంది. పోయినాయన ఆవిడకి పెద్దన్న.

అవూవా గొంతు సవరించుకున్నాడు.

"మన పెద్దలేమన్నారు? తండ్రి ఊరి దారిని ఎడమచేత్తో చూపకూడదన్నారు. అవునా, కాదా?"

"అవును, నానా. నేను చూపించింది ఊరి దారి కాదు, మీ అన్నగారి చెంపమీద మడత. కుడిని ఎడమ కడుగుతుంది, ఎడమని కుడి కడుగుతుంది అన్నదీ ఆ పెద్దలే" అంది బిరాగో.

తల్లి వెనకనుంచి నడుంమీద గట్టిగా గిల్లింది. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. గొడవ ముదరకముందే ట్వుమాసి అడ్డంపడి, తన ల్యాప్‌టాపుని ఆ ఇంటి పెద్ద టీవీకి తగిలించి, బాణం తిప్పిన పాఠాన్ని వేశాడు.

"చూడండి, నానా. కుడిబాణం. అంతా సర్దేశాం."

అందరూ మెడలు చాపి చూశారు. బాణం పెద్దాయన చెవి దగ్గర ఆగింది. చెవికి ఏమీ కాలేదు. కానీ చెంపమీద మడత మాయమైంది. మళ్ళీ బాణం గాల్లో ఒకచోట నొక్కింది, కనుబొమ బాగుపడింది.

"చెవిని నొక్కితే చెంప బాగవుతోందేం? ఇది పాఠమా, గారడీనా?" అంది నానా డుఫీ. అంతసేపటికి ఆవిడ నోరు విప్పడం అదే మొదలు.

ట్వుమాసి చెమట తుడుచుకున్నాడు. అవూవా ఆ సంగతి పట్టించుకోలేదు.

"బాణం సంగతి వదిలెయ్. చొక్కా తిరగేసి తొడుక్కుంటే దొంగ దొర అవుతాడా? లోపల ఆడింది ఆ చెయ్యేగా. ఆ పాఠం వద్దు. ఇక్కడే, అన్నయ్య మనుషుల ముందే, కుడిచేత్తో కొత్తగా చెయ్యి. అది రికార్డవనీ. దాన్నే బయట పెట్టండి. సెబె కూడా నీ నోటితోనే చెప్పు, గొంతు పడనీ."

"నాకు కుడిచేత్తో ఈ పని రాదు, నానా."

"ఆడలేక మద్దెల ఓడందట" అన్నాడు ఫోన్లు అమ్మే మేనల్లుడు.

బిరాగో వాడివైపు కూడా చూడలేదు. "రాదంటే రాదు. చెయ్యమంటే చేస్తాను. అక్కడున్నది మీ అన్నగారి ముఖం. తర్వాత నన్ననకండి."

"చెయ్యి" అన్నాడు అవూవా.

ట్వుమాసి రికార్డు బొత్తాం నొక్కాడు. బాగుచేయని పాత ఫొటో టీవీ నిండా పరుచుకుంది, కనుబొమనుంచి దవడదాకా చీలికతో. బిరాగో కుర్చీ ముందుకి జరుపుకుని, మౌసు కుడిచేత్తో పట్టుకుంది. నటించిందని తర్వాత కొందరన్నారు. అబద్ధం. ఆమె శక్తివంచన లేకుండా ప్రయత్నించింది. కణతల మీద చెమట పట్టింది. కుడిచేతికి తినడం తెలుసు, చెయ్యి కలపడం తెలుసు, ఆ సున్నితం మాత్రం తెలియదు.

బాణం వణుక్కుంటూ బయల్దేరి, చీలిక దాటిపోయి, కంటిలో దూరింది. వెనక్కి లాగింది. చీలిక అంచులు కలపడానికి చర్మాన్ని పిండిలా జరిపే పనిముట్టు ఒకటుంది. దాన్ని దవడమీద పెట్టి మెల్లగా తొయ్యాలి. మెల్లగానే తోసింది. చెయ్యి ఒక్కసారి అదిరింది. పెద్దాయన మూతి చెవివైపు సాగిపోయింది.

"దేవుడా!" అంది ఒక ముసలమ్మ.

"కంగారుపడకు. నెమ్మదిగా. కుడిచేత్తోనే" అన్నాడు అవూవా, తనే కంగారుపడుతూ.

బిరాగో మూతిని సర్దబోయింది. ముక్కు వంకరపోయింది. ముక్కు సర్దబోతే కన్ను కిందికి జారింది. ఊరు ఊరంతా లేచి నిలబడి దండం పెట్టిన మనిషి, ఆ టీవీలో, పిల్లలు బొగ్గుతో గీసిన బొమ్మలా తయారయ్యాడు. హాల్లో నవ్వబోయినవాళ్ళు నవ్వలేకపోయారు. మనవరాలొకతె భోరుమంది. బిరాగో పళ్ళు బిగించి ఇంకా తోస్తూనే ఉంది. ఆమెకీ ఏడుపొస్తోంది, కోపంతో. పోయిన మనిషి ముఖాన్ని తన చేత్తో పాడుచేయిస్తున్నారని కోపం.

"ఆపవే!" నానా డుఫీ లేచింది. "మా అన్నని రెండోసారి చంపుతావా? తియ్యి ఆ చెయ్యి! పనొచ్చిన చేత్తో చెయ్యి!"

బిరాగో మౌసు వదిలేసింది. వదిలేసి చేతులు కట్టుకుంది.

"ఏ చేత్తో, నానా?"

"ఏ చేత్తో ఏమిటి? నీకు వచ్చిన చేత్తో."

"దానికో పేరుంది కదా. పేరుపెట్టి చెప్పండి. అప్పుడు చేస్తాను."

తల్లి ముఖం కప్పుకుంది. అయిపోయింది, ఇంక మమ్మల్ని ఈ ఊళ్ళో బతకనివ్వరు అనుకుంది. నానా డుఫీ బిరాగోని చూసింది, టీవీలో వంకరమూతిని చూసింది.

"ఎడమచేత్తో చెయ్యి."

"అక్కా! సెబె అనైనా అను" అన్నాడు అవూవా.

"ఎవరికి చెప్పాలి? నీకా?" ఆవిడ తమ్ముడివైపు తిరిగింది. "అమ్మ పోయినప్పుడు కడిగింది నేను. అత్తని కడిగింది నేను. రేపు అన్నయ్య ఆసుపత్రి శవాలగదిలోంచి ఇంటికి వస్తే కడిగేదీ నేనే. ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, ఇంకో చేత్తో తుడవాలి. ముఖం తుడిచిన చెయ్యేదో, వీపు పట్టిన చెయ్యేదో చచ్చినవాళ్ళు ఎప్పుడైనా అడిగారా? ఒంటిచేత్తో శవాన్ని కడగడం నీకు చేతనైతే చెప్పు, రేపు నువ్వే చేద్దువుగాని, నేను కుర్చీలో కూర్చుని సెబె సెబె అంటూ ఉంటాను."

అవూవా కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

బిరాగో మౌసుని ఎడమచేతి కిందికి మార్చుకుంది. బాణాన్ని కూడా తనవైపు తిప్పుకుంది, అందరూ చూస్తుండగానే. అది ఎడమనుంచి వచ్చింది. మూతి వెనక్కి చేరింది. ముక్కు నిలబడింది. చీలిక అంచులు ఒకదాన్నొకటి వెతుక్కుని కలిశాయి. కన్ను తెరుచుకుంది. చివరికి కనుబొమమీద మిగిలిన గీత కూడా పోయేసరికి, మనవరాలు "తాత" అంది. నానా డుఫీ కుర్చీలో కూర్చుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

వెళ్ళేటప్పుడు అవూవా ట్వుమాసిని పక్కకి పిలిచాడు. "ఆ రికార్డులో నా గొంతు కూడా పడిందా?"

"తీసేస్తాం, నానా, తీసేస్తాం" అన్నాడు ట్వుమాసి.

"సీసా?" అంది బిరాగో తల్లి, చేతిలో సీసాతో ఏంచేయాలో తోచక.

"పెట్టి వెళ్ళు" అన్నాడు అవూవా. పెద్దరికంలో మిగిలింది అదొక్కటే మరి.

సోమవారం ట్వుమాసి మహా హుషారుగా వచ్చాడు. షాపుల వాళ్ళు పాఠం ఎప్పుడని అడుగుతున్నారట. "ముందు భాగం కత్తిరించెయ్. పెద్దావిడ కేకదాకా తీసెయ్. ఎడమచెయ్యి మొదలైన దగ్గర్నుంచి ఉంచి, ఎక్కడైనా వణుకుంటే సాపు చెయ్. శుభ్రంగా ఉంటుంది."

"అవూవాగారి గొంతు తీసేస్తాను, మీరు మాటిచ్చారు కాబట్టి. ఇంకేమీ తీయను."

"అదేమిటి? ఆ వణుకంతా ఉంచుతావా? చూసేవాళ్ళు నీకు పని రాదనుకుంటారు!"

"అనుకోనివ్వండి. ఇన్నేళ్ళూ ఇక్కడ అందరి వణుకులూ నేనే దాచాను. మీ గిలక్కాయతో సహా. నా దగ్గరికి వచ్చిన ప్రతివాణ్ణీ తిన్నగా నడిపించాను. నన్ను వణికించారు, మాస్టా. నలుగురిలో కూర్చోబెట్టి వణికించారు. దాన్ని సాపు చేస్తే వాళ్ళు చేసింది ఏమీ లేనట్టే. ఒక్క వణుకు కూడా ముట్టుకోను."

"నానా డుఫీ ఊరుకుంటుందా? అన్నగారి మూతి అలా సాగదీసి ఊరంతా చూపిస్తే?"

"ఆవిణ్ణి అడిగాను. ఫోను చేశాను. చిన్నప్పుడు పంటినొప్పికి దవడ వాచినప్పుడు మా అన్న అచ్చం అలాగే ఉండేవాడు, ఉంచు అంది. నా గొంతు బాగా పడిందా అని అడిగింది."

ట్వుమాసి గదిలో అటూ ఇటూ తిరిగాడు. కిటికీలోంచి బాంతామా రోడ్డుమీద ట్రోట్రో వ్యాన్ల వాళ్ళ కేకలు వినిపిస్తున్నాయి. తిరిగి తిరిగి వచ్చి ఆమె బల్ల దగ్గర ఆగాడు. గొంతు బాగా తగ్గించాడు.

"సరే. నీ ఇష్టం. వణుకు ఉండనీ, మూతి ఉండనీ. ఒక్కటి మాత్రం విను. అవూవా ఎంతైనా పెద్దమనిషి. ఆయన అడిగినవాటిలో సీసా తప్ప ఒక్కటీ జరగలేదు. మొదట్లో ఒక్క సెబె వేసెయ్. ఒకే ఒక్క మాట. నాకోసం."

బిరాగో కుర్చీ బల్లకి దగ్గరగా జరుపుకుంది.

"వేస్తాను" అంది.

ట్వుమాసి నమ్మలేకపోయాడు. ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని పక్కనే నిలబడ్డాడు. ఆమె పాఠం మొదట్లో ఒక నల్లపలక పెట్టింది. తెల్లటి పెద్ద అక్షరాలతో, చిన్న ఫోనులో చూసేవాళ్ళకి కూడా కనబడేలా టైపు చేసింది.

"సెబె. ఈ పాఠం మొదటి సగం కుడిచేత్తో చేశాను."